డబ్బా మీద వెలసిన శ్రీ 5000 వాట్ల వారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ 5000 వాట్ల వారి దివ్యసముఖమునకు,

కోఠిలో ఒక షాపులో తమరిని దర్శించుకున్న బావమరిది వెంట, తోడుగా వచ్చిన బావ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మావాడు కొత్త కారుకి మ్యూజిక్ సిస్టమ్ పెట్టిద్దామని వచ్చాడు. వాడికి స్పీకర్లు కనపడలేదు, ఆంప్లిఫయర్ కనపడలేదు, తమరొక్కరే కనపడ్డారు. డబ్బా నిండా ఎర్రటి అంకెలు, చుట్టూ మంటలు, ఓ మూల సన్నటి అక్షరాల్లో ‘పీఎంపీవో’, అంటే రెప్పపాటు సేపు అందుతుందనే గరిష్ఠ శక్తి. “అన్నా, ఇది పెడితే అద్దాలు ఊగుతయ్” అన్నాడు షాపు కుర్రాడు. ఊగని అద్దాలు కావాలని మేమూ అడగలేదు.

తమరిని శంకించడం నా ఉద్దేశం కాదు గానీ, చిన్న లెక్క ఒకటి తేలడం లేదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14 వోల్టులు, కాస్త అటూ ఇటూ. దాంతో 5000 వాట్లు రావాలంటే 350 ఆంపియర్ల పైచిలుకు కరెంటు కావాలి. మావాడి చిన్న కారులో కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ హెడ్‌లైట్లకీ, వైపర్లకీ, ఏసీ ఫ్యానుకీ అన్నిటికీ కలిపి ఇచ్చేది వందలోపే. ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీలు మూడింటిని ఒకేసారి నడిపేంత శక్తిని తమరు డిక్కీలో పెట్టుకుని తిరుగుతున్నారన్నమాట! తీరా ఆంప్లిఫయర్‌ని వెనక్కి తిప్పి చూస్తే 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉంది. 30ని 14తో గుణిస్తే 420. వేడి రూపంలో పోయేది పోగా రెండొందల యాభై మిగిలితే గొప్ప. మిగతా 4750 వాట్లు ఎక్కడ కాపురం ఉంటున్నాయి సార్?

తమ వంశం గురించీ విచారించాను. ఆర్‌ఎమ్‌ఎస్ అని మీకో అన్నగారు ఉన్నారు. గంటల తరబడి మోయగలిగింది ఎంతో అంతే చెబుతాడు పాపం. అందుకే డబ్బా మీద చోటు దొరక్క, లోపలి కాగితంలో చివరాఖరి వరుసలో బతుకుతున్నాడు. తమకి ఆ పట్టింపుల్లేవు. రెప్పపాటు సేపు, సౌండు పగిలినా సరే, అన్ని స్పీకర్లవీ కూడి, ఆపైన తయారుచేసినవారి ఉదారబుద్ధిని బట్టి ఎంతైనా కావచ్చు. తమరిని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి అంటూ ఏదీ లేదు. సీఈఏ-2006 (ఇప్పుడు సీటీఏ-2006) అని ఒక ప్రమాణం ఉంది, 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్స్ మీద, సౌండు ఒక్క శాతానికి మించి చెడకుండా కొలవమంటుంది. ఆ వీధిలో తమరు అడుగు పెట్టరనుకుంటాను. డ్యాష్‌బోర్డులో ‘50×4’ అని, అంటే నాలుగు ఛానళ్లకీ యాభై వాట్ల చొప్పున అని, బోర్డు కట్టుకున్న స్టీరియో మీ మేనల్లుడే కదా? ఛానల్‌కి ఇరవై దాటితే వాడికి దిష్టి తీయించాలి.

తమ పక్కనే స్పీకర్ డబ్బా మీద ఇంకో అంకె ఉంది, 92 డెసిబెల్స్ అని. ఒక్క వాటు ఇస్తే స్పీకరు ఎంత సౌండు చేస్తుందో చెప్పేది అదే. రెండంకెలదే కాబట్టి దాన్ని ఎవరూ పలకరించరు. కానీ 86 ఉన్న స్పీకరుకి 80 వాట్లు పోస్తే వచ్చే సౌండు, 92 ఉన్న స్పీకరుకి 20 వాట్లకే వస్తుంది. ఈ మాట నేను చెబితే మావాడు “బావా, నువ్వు ఊరుకో, అవతల 5000 అంటున్నాడు” అన్నాడు.

అసలు అన్యాయం మాత్రం తలుపులకి జరిగింది. స్పీకరు ముందుకి తోసినంత గాలినీ వెనక కూడా లాగుతుంది. తలుపు రేకుకి ఉన్న బొక్కలు మూయకపోతే వెనక సౌండు ముందుకొచ్చి, ముందు సౌండుని చంపేస్తుంది. బాస్ అక్కడే సగం పోతుంది. లోపల రేకు అదరకుండా డ్యాంపింగ్ షీటు అంటించి, బొక్కలు మూసి, స్పీకర్ రింగు బిగించి కూర్చోబెడితే కంపెనీ స్టీరియోతోనే పాట నిలబడేది. దానికి డబ్బులేవీ? మొత్తం తమ పాదాల దగ్గర సమర్పించాం. పైగా కుర్రాడు ఒక తలుపుకి ప్లస్, మైనస్ తారుమారు చేసి కలిపాడు. ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతోంది. “బాస్ రావట్లేదు” అంటే, “బాస్ ట్యూబ్ ఇంకోటి పెట్టాలన్నా” అని తమ తమ్ముడిని చూపించాడు.

తమరి పల్లకీ సంగతి కూడా మనవి చేస్తాను. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వేసిన వైరు బయటికి బొటనవేలంత లావు. లోపల రాగి పూత పూసిన అల్యూమినియం, అదీ పావు వంతు, తక్కినదంతా ఎర్ర ప్లాస్టిక్. బ్యాటరీ పక్కనే ఉండాల్సిన ఫ్యూజు లేనే లేదు. ఆ వైరు ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలితే తమరు నిజంగానే 5000 వాట్లు చూపిస్తారు, పాట లేకుండా, పొగతో. ఆ ఫ్యూజు నేను పట్టుబట్టి వేయించాను, క్షమించాలి. ఇక స్టీరియో సిగ్నల్‌కి ఆంప్లిఫయర్‌ని సరిపెట్టే గెయిన్ నాబ్‌ని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పడంతో సౌండు తలలు తెగి చదునైపోయింది, సన్నటి సౌండ్లు పలికే చిన్న స్పీకరు, ట్వీటర్, రెండో వారం కాలిపోయింది. స్పీకర్లు నాసిరకమని తీర్పు వచ్చింది. తమరి మీద ఈగ వాలలేదు.

ఇంతకీ ఈ మధ్య తమ దినచర్య ఏమిటో ప్రజలకి తెలియాలి. మా అత్తగారు బండెక్కగానే “ముందు ఆ మోత తగ్గించు నాయనా” అంటారు. వాల్యూమ్ నాలుగు దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి ఉప్పల్ వెళ్లేదాకా తమరి నోట వచ్చే మాట ఒక్కటే, “రెండు వందల మీటర్ల తర్వాత ఎడమవైపు తిరగండి.” దానికి బదులుగా డిక్కీ మీద నంబరు ప్లేటు గడగడలాడుతుంది. స్టెప్నీ తీయాలంటే ముందు తమరిని లేపాలి.

ఇక విన్నపం. తమరు డబ్బా మీద ఉండొద్దని అనను, అన్నా వినరు. అన్నగారిని కూడా పక్కన నిలబెట్టుకోండి, అదే సైజు అక్షరాల్లో. ఆయనతో పాటు ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో కూడా రాస్తే, కొనేవాడు ఫోనులో గుణించుకుంటాడు.

ఇట్లు,
తమ బాస్ వల్ల వెనక సీటులో కునుకు పోగొట్టుకున్న,
ఒక బావ.

తా.క.: ఎదురింటివాళ్లు 8000 వాట్లది తెచ్చారట. మావాడు నిన్నటి నుంచి అన్నం సరిగా తినడం లేదు. వాళ్ల ఆంప్లిఫయర్ వెనక్కి తిప్పి చూసొచ్చాను, ఫ్యూజు 25.