కవ్వళ్ల లెక్క సొరకు సరిపోదు

చేపల రేవులో వేలంపాట చీకటి ఉండగానే మొదలవుతుంది. ఈ మధ్య విశాఖపట్నం రేవులో ఒక మరపడవ సరుకు దించుతుంటే పక్కన నిలబడి చూశాను. వంజరం, చందువ ముందే ఏరి ఐసు పెట్టెల్లోకి ఎత్తారు. పాట వాటికే. చివర్లో సిమెంటు నేల మీద కుమ్మరించిన గుట్టకు పాట లేదు, గంపగుత్తగా ఇచ్చేశారు. జానెడు కూడా లేని సావళ్లు, వేలెడంత గులివిందలు, చితికిన పీతపిల్లలు, వాటి మధ్య మూరెడు పొడవున్న సొరపిల్లలు నాలుగు. ఒకదాన్ని తిరగేసి చూస్తే ముందు రెక్కల మధ్య బొడ్డు మచ్చ ఇంకా మానలేదు. పుట్టి నెల కూడా అయి ఉండదు. ఆ గుట్ట ఎండి, పొడి అయి, కోళ్ల దాణాలోకో చేపల మేతలోకో పోతుంది.

చేపకు బొడ్డేమిటి అనుకునేవారు ఉంటారు. మన తీరంలో దొరికే సొరల్లో చాలా రకాలు గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. బాలింతలకు పాలు పడతాయని వండిపెట్టే పాల సొర కూడా అంతే. కాన్పుకు రెండో మూడో పిల్లలు, మహా అయితే ఏడెనిమిది. ఇది సొరల్లో చిన్నది, త్వరగా ఎదిగేది. పెద్ద సొరల్లో చాలా జాతులు తల్లి కావడానికే పదేళ్ల పైన పడుతుంది. ఆ తరవాత దాదాపు ఏడాది కడుపులో మోయాలి.

ఏటా ఏప్రిల్ 15 వచ్చేసరికి మన పత్రికల్లో ఒకే రకం వార్త కనిపిస్తుంది: వేటకు విరామం, చేపల సంతానోత్పత్తికి అవకాశం. 2015 నుంచి ఈ విరామం 61 రోజులు. ఆ రెండు నెలలకూ ఇచ్చే భృతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 20 వేల రూపాయలకు పెంచింది. నేను ఈ నిషేధానికి వ్యతిరేకిని కాను, భృతికి అసలే కాను. రెండు నెలలు ఆపితే సముద్రం మళ్లీ నిండుతుందన్న నమ్మకంతోనే నా పేచీ. అందులో నిజం సగమే. కవ్వళ్ల లాంటి చిన్న చేపలకు అది చెల్లుతుంది. సొరకు, పళ్లెంలా బల్లపరుపుగా ఉండే టేకు చేపకు చెల్లదు.

కవ్వ చేప ఏడాది అటూఇటూగా గుడ్లకు వస్తుంది, రెండు మూడేళ్లకు ఆయుష్షు తీరుతుంది. దానిది వరి పంట లాంటి లెక్క. వరసగా రెండేళ్లు కలిసొస్తే పాత లోటు పూడిపోతుంది. దాని దగ్గరి చుట్టం హెర్రింగ్‌నే చూడండి. ఐరోపా పక్కనున్న ఉత్తర సముద్రంలో ఆ చేప అడుగంటితే 1977లో వేట మొత్తంగా ఆపేశారు. 1980ల మొదట్లో తిరిగి తెరిచేసరికి మందలు కోలుకున్నాయి. 1996లో మళ్లీ తగ్గుతోందని తెలియగానే ఏడాది మధ్యలోనే కోటాను, అంటే ఏడాదికి పట్టనిచ్చే పరిమితిని, సగానికి కోశారు. మళ్లీ తేరుకుంది.

కాడ్ అనే చల్లటి సముద్రాల చేప విషయంలో అలా జరగలేదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో 1968లో ఒక్క ఏడాదే 8 లక్షల టన్నుల పైచిలుకు కాడ్ పట్టారు, అందులో ఎక్కువ భాగం విదేశాల నుంచి వచ్చిన భారీ ఓడలే పట్టాయి. 1977లో కెనడా 200 మైళ్ల హద్దు గీసి వాటిని బయటికి పంపింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఖాళీ అయిన చోటును వల ఈడ్చుకుపోయే సొంత ఓడలతో, అంటే ట్రాలర్లతో, నింపింది.

ఆ తరవాతి పదిహేనేళ్లలో జరిగినది మనం నిదానంగా చదువుకోవలసిన సంగతి. తీరం వెంట చిన్న పడవల మీద వేటాడేవాళ్లు చేప తగ్గుతోందని, ఉన్నదీ సన్నబడుతోందని 1980లలోనే మొత్తుకున్నారు. ట్రాలర్ల లెక్కల్లో మాత్రం రోజుకు పడే చేప తగ్గలేదు. కాడ్ మందగా తిరిగే చేప. సంఖ్య తగ్గేకొద్దీ మిగిలినవి ఇంకా దగ్గరగా చేరాయి. నీటి లోతున మంద ఎక్కడుందో చూపించే యంత్రాలున్న ఓడలు నేరుగా వాటి మీదికే వెళ్లాయి. గాదె అడుగు కనిపించే దాకా చేటకు వచ్చే గింజలు తగ్గవు కదా, అలాగన్నమాట. శాస్త్రవేత్తలు ఆ లెక్కను నమ్మి సముద్రంలో ఉన్న చేపను చాలా ఎక్కువగా అంచనా వేశారు. జాలర్ల మాట అనుభవమే కానీ ఆధారం కాదన్నారు.

1992 జులై 2న ఫిషరీస్ మంత్రి జాన్ క్రాస్బీ వేట ఆపేశారు. ముందురోజు తనను చుట్టుముట్టిన జాలర్లతో, సముద్రంలోంచి చేపలు తీసింది నేను కాదని కసురుకున్నారు కూడా. అప్పటికి గుడ్లు పెట్టే చేప పాత రోజుల్లో ఉన్నదానిలో నూటికి ఒక వంతుకు దిగజారింది. దాదాపు 30 వేల మందికి పని పోయింది. నిషేధం రెండేళ్లే అన్నారు. ఎత్తేయడానికి 32 ఏళ్లు పట్టింది. 2024 జూన్‌లో 18 వేల టన్నుల కోటాతో తిరిగి తెరిచారు. 1968 నాటి వేటలో అది నలభయ్యో వంతు కూడా కాదు.

ఆ తెరవడంలోనూ ఒక మెలిక ఉంది. 2023లో పాత రికార్డులు కలిపి లెక్క తిరగవేస్తే, చేప ఎంతకు తగ్గితే ప్రమాదమో చెప్పే రేఖ కిందికి జరిగింది. చేప పెరగకుండానే ప్రమాదం తగ్గినట్టయింది. కొత్త లెక్క తప్పని నేను అనను. కానీ నదిలో నీరు చూడకుండా గేజీ మీద గీత మార్చి వరద తగ్గిందంటే గట్టు పక్కన ఉండేవాళ్లకు నిద్ర పడుతుందా?

కాడ్ ఇంత ఆలస్యం చేయడానికి అది గుడ్లకు రావడానికే అయిదారేళ్లు పట్టడం ఒక కారణం. దాని ప్రధాన ఆహారమైన కేప్లిన్ అనే చిన్న చేప కూడా 1990ల మొదట్లోనే కూలిపోయి, మళ్లీ పూర్వస్థితికి రాకపోవడం ఇంకో కారణం. పస్తులున్న ఇంట్లో వంశం ఎలా పెరుగుతుంది?

ఆశ లేదని కాదు. అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనాకు తూర్పు భాగంలో 2007లో 30 వేల టన్నులకు దగ్గరగా ఉన్న కోటాను 2011కల్లా 13 వేల లోపుకు తెచ్చారు. 2021లో అది ప్రమాదపు జాబితా నుంచి బయటపడింది. నాకు ఇంతకంటే నచ్చిన ఉదాహరణ బార్న్‌డోర్ స్కేట్ అనే పెద్ద టేకు జాతి చేపది. అమెరికా ఈశాన్య తీరంలో ఇది అంతరించే దశకు చేరిందని 1998లో శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 2016 నాటికి కోలుకుంది. దానికి తోడ్పడినవి 1994లో జార్జెస్ బ్యాంక్ ప్రాంతంలో ట్రాలర్లకు ఏడాది పొడవునా మూసేసిన జలాలు. తమాషా ఏమిటంటే వాటిని మూసింది దీనికోసం కాదు, కాడ్ లాంటి వాటి కోసం. అక్కడి కాడ్ మాత్రం ఇప్పటికీ లేవలేదు.

అంటే నెమ్మదిగా పెరిగే చేపకు కావలసినది నెలల విరామం కాదు, ఏళ్ల తరబడి వల పడని చోటు. మన దగ్గర అలాంటి చోటు కాగితం మీద ఇప్పటికే ఉంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకే వదలాలని నిబంధన. సొరపిల్లలు పెరిగేది కూడా ఎక్కువగా ఆ లోతు తక్కువ నీళ్లలో, ఏటి మొగల దగ్గరే. ఆ హద్దును గట్టిగా కాపాడితే పేద జాలరికీ సొరపిల్లకూ ఒకేసారి మేలు. అది కాపాడలేకపోవడం వల్లనే 2022 జనవరిలో చేపల మందను చుట్టేసి పట్టే రింగు వలల గొడవలో విశాఖ తీరాన పడవలు తగలబడ్డాయి. కొట్టుకున్న ఇరుపక్షాలూ జాలర్లే.

చట్టంలో జాతుల పేర్లు చేర్చడం వల్ల మాత్రమే ఈ పని కాదు. 2001లో కేంద్రం సొరలు, టేకులన్నింటినీ వన్యప్రాణి రక్షణ చట్టంలో అత్యంత గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లోకి ఎక్కించి, నిరసనలు రాగానే ఆ ఏడాది చివరికి పది జాతులకు కుదించింది. రంపంలాంటి మూతి ఉన్న చేప అప్పటి నుంచీ ఆ జాబితాలోనే ఉంది. మన వలల్లో అది కనబడితే ఇప్పుడు వార్త. నాలుగు గంటలు అడుగున ఈడ్చిన వలకు ఏ జాతి ఏ షెడ్యూల్‌లో ఉందో తెలియదు. పైకి వచ్చేసరికి చాలావరకు చచ్చే ఉంటాయి. పట్టినందుకు జరిమానా అంటే చచ్చినదాన్ని రాత్రికి రాత్రి మళ్లీ నీళ్లలో పారేస్తారు.

పడవ యజమానిని తిట్టి ప్రయోజనం లేదు. డీజిలు, ఐసు, కళాసీల బత్తాలు పోను మిగలాలంటే ఆ చిల్లర గుట్ట డబ్బు కూడా లెక్కలోకి వస్తుంది. దానికి కొనేవాళ్లు ఉన్నంతకాలం వల కన్ను చిన్నదిగానే ఉంటుంది. దేశంలో చెరువు రొయ్యలకు పెట్టింది పేరైన రాష్ట్రం మనది. మేత సంచి మీద అందులోని చేపపొడి ఏ చేపది, ఎంత వయసుదన్న వివరం అడగడం ఇక్కడి నుంచే మొదలు కావాలి.

జూన్ 14 అర్ధరాత్రికి ఐసు నింపుకున్న పడవలన్నీ ఒక్కసారి కదులుతాయి. మొదటి వారం వలలు బరువుగా వస్తాయి, పత్రికల్లో నిండు బుట్టల ఫొటోలు పడతాయి. వాటిలో కవ్వళ్లు, కానాగంతలు ఉంటాయి. ఏప్రిల్‌లో కడుపుతో ఉన్న పెద్ద సొరలు చాలావాటికి అప్పటికింకా నెలలు నిండి ఉండవు.