బోడి మల్లయ్యగారికి, శ్రీహరికోట

మహారాజశ్రీ ఎస్‌ఎల్‌వీ (ఉపగ్రహాలను మోసే మన తొలి రాకెట్) ఎగిరిన పాత లాంచ్‌ప్యాడ్ తాతగారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు 1979లో కొలువులో చేరి 1994లో దిగిపోయారు. పదిహేనేళ్లలో ఎనిమిది ప్రయోగాలు. అంటే సగటున రెండేళ్లకొకటి. ఉత్తరాన ఉన్న మీ పొరుగు ప్యాడ్‌లవాళ్లు ఇప్పుడు ఒకటి రెండేళ్లలో చేసే పనిని మీరు సర్వీసంతా చేశారని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న మాట ఊరికే పుట్టలేదు.

మీ బోణీ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1979 ఆగస్టు 10, పొద్దున్నే. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు, నాలుగు దశలూ ఘన ఇంధనమే. ఇంత హంగామా దేనికయ్యా అంటే సుమారు 40 కిలోల సరుకు పైకి చేర్చడానికి, అంటే సగం వడ్ల బస్తాకి. ఘన ఇంధనంతో చిక్కేమిటంటే, ఒకసారి అంటించాక మంట తగ్గించడానికీ ఆర్పడానికీ వీల్లేదు; కట్టెల పొయ్యి అయితే కనీసం కట్టె వెనక్కి లాగొచ్చు. అందుకే దారి దిద్దే పనికి వేరే సరంజామా కావాలి. మొదటి దశలో నాజిల్‌లోకి, అంటే మంట బయటికొచ్చే మూతిలోకి, పక్కనుంచి స్ట్రాన్షియం పర్‌క్లోరేట్ ద్రావణం చిమ్మి మంటను ఓ వైపుకు నెట్టేవారు, రెక్కల కొసలు తిప్పేవారు. రెండో దశలో ఆ పని థ్రస్టర్లనే బుల్లి ఇంజన్లది. వాటికి హైడ్రజీన్, ఎర్రటి పొగలు కక్కే నైట్రిక్ ఆమ్లం రెండూ అందాలి.

ఆ ఆమ్లం దారిలో ఒక సోలినాయిడ్ వాల్వ్, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే కవాటం, ఉంది. కౌంట్‌డౌన్ చివరి నిమిషాల్లో అది తెరుచుకుంది కానీ నలుసు అడ్డుపడి మళ్లీ మూసుకోలేదు. ఆమ్లం కారిపోతోంది. కంప్యూటర్ ఆగమంది. మనుషులు లెక్కవేసి, నిల్వ చాలినంత ఉందిలే, కానివ్వండన్నారు. మొదటి దశ దివ్యంగా మండింది. రెండో దశ వంతు వచ్చేసరికి ఆమ్లం లేదు; ఆమ్లం లేక అదుపు లేదు. 317 సెకన్లకల్లా బంగాళాఖాతంలో ఉంది. దాంతో ఎస్‌ఎల్‌వీ అంటే ‘సీ లవింగ్ వెహికల్’ అని గిట్టనివాళ్లు పేరు పెట్టారు. నింద అప్పటి ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్ గారు నెత్తిన వేసుకున్నారు. మరుసటి ఏడాది గెలిచినప్పుడు మాత్రం విలేకరుల ముందుకు ఆ ప్రాజెక్టు నడిపిన కలాం గారిని పంపారు. ఆయనా ఈయనా పెద్దమనుషులు. మీ దగ్గరికి ఏ విలేకరీ రాలేదు, మసి మాత్రం రెండుసార్లూ మీకే అంటింది.

1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది, 35 కిలోలు. సొంత రాకెట్‌తో ఉపగ్రహం పంపినవాళ్లలో మనది ఆరో దేశమా, ఏడో దేశమా అన్న తగువు ఇంకా తెగలేదు. 1971లో ఒక్క ఉపగ్రహం పంపి దుకాణం కట్టేసిన బ్రిటన్‌ను లెక్కలో వేస్తే ఏడు, వేయకపోతే ఆరు. 1981 మే 31 ప్రయోగం మాత్రం మీ సర్వీసులో ఒక భాషాసేవ. ఉపగ్రహం అనుకున్నదానికన్నా కింది కక్ష్యలో పడి తొమ్మిది రోజులకే కాలిపోయింది. దీన్ని ‘పాక్షిక విజయం’ అన్నారు. మన వైపు కొత్తల్లుడు కూడా పదహార్రోజుల పండగ దాకా ఉంటాడు. 1983 ఏప్రిల్ 17 ప్రయోగానికి విశేషణం తగిలించే అవసరం రాలేదు.

ఆ తర్వాత మీకు ఏఎస్‌ఎల్‌వీని అంటగట్టారు. కొత్త బండి అనుకునేరు. పాత మొదటి దశ మోటారుకే అటొకటి ఇటొకటి అలాంటివే కట్టి, 40 టన్నులకు పెంచి, 150 కిలోలు మోయమన్నారు. నేల మీద వెలిగేవి పక్క మోటార్లు రెండే. అవి సుమారు 50 సెకన్లు మండాక, నడిమిది గాల్లోనే అంటుకోవాలి. 1987 మార్చి 24న అది అంటుకోలేదు. వెలగని రాకెట్‌ను రాకెట్ అనడమెందుకు, బరువైన గొట్టం అనొచ్చు.

1988 జులై 13న ఇంకో తమాషా. నడిమి మోటారు వెలిగే క్షణం ముందే గడియారానికి కట్టేసి ఉంది. పక్క మోటార్లు ఆ లెక్కకంటే కాస్త ముందే ఆరిపోయాయి. రెంటికీ నడుమ ఖాళీ మిగిలింది. సరిగ్గా గాలి ఒత్తిడి తారస్థాయిలో ఉన్న చోట వాహనాన్ని పట్టి నిలిపే శక్తి లేకపోయింది. అది ఒరిగింది, ముక్కలైంది. మందు కనిపెట్టాక చూస్తే వంటింటి విద్యే. పాలు ఫలానా నిమిషానికి పొంగుతాయని గడియారం వంక చూస్తూ కూర్చోకూడదు, గిన్నె వంక చూడాలి. పక్క మోటార్ల తోపు తగ్గడాన్ని త్వరణం బట్టి పసిగట్టి, అప్పుడే నడిమిదాన్ని అంటించే ఏర్పాటు చేశారు. 1992 మే 20న అది పనిచేసింది. ఉపగ్రహం కక్ష్య మాత్రం మళ్లీ కిందికి జారి, రెండు నెలలు తిరక్కుండానే రాలిపోయింది. విశేషణాల పెట్టె మళ్లీ తెరవాల్సి వచ్చింది.

1993 సెప్టెంబర్ 20న పక్క ప్యాడ్ మీద మీకన్నా పెద్ద రాకెట్ పీఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం సముద్రం పాలైంది. మీరు 1994 మే 4న స్రాస్-సీ2 ఉపగ్రహాన్ని ఏ వంకా లేకుండా పైకి పంపారు. అది 2001 దాకా తిరిగింది. ఓడినవాడికి కొలువు పొడిగింపు, గెలిచినవారికి విరమణ. ఇదేం న్యాయమని మాత్రం అడక్కండి: 150 కిలోల గిరాకీ అప్పటికి పోయింది, టన్ను మోసేవాడు వచ్చాడు. అయినా ఆ పీఎస్‌ఎల్‌వీ నడుము చుట్టూ కట్టుకున్న ఆరు మోటార్లు ఎవరి ఇంటివి? మీ ఎస్‌ఎల్‌వీ మొదటి దశ సంతానమే. తాతను మరిచినా తాత మొలతాడు మాత్రం వదల్లేదు.

2019లో జనం కూర్చుని ప్రయోగాలు చూడటానికి శ్రీహరికోటలో గ్యాలరీ కట్టారు. చూపించడానికి మీ దగ్గర ప్రయోగం లేదు కనుక తమరు నొచ్చుకోవద్దు.

ఇక ఉంటాం. జవాబు రాయనక్కర్లేదు. ఎప్పుడైనా ఏ వాల్వన్నా మూసుకోకపోతే మాత్రం ఒక్క కేక వేయండి. ఈసారి నిల్వ చాలుతుందా అని లెక్కవేయం.

ఇట్లు,
తమరి ప్రయోగాల తేదీలు తప్పులేకుండా వల్లించే మనవలు