రెమింగ్టన్ 870: పోయింది డిజైన్ కాదు, మెరుగు

వారాంతాల్లో గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్ళలు కొట్టడానికి నేను వెళ్ళే క్లబ్బులో, రెమింగ్టన్ కంపెనీ చేసిన 870 షాట్‌గన్ (గుళ్ళు చల్లే తుపాకీ) గురించి ఈ వాదన ఎప్పటికీ తెగదు. "870 అంటే 870యే, పాతదైతే ఏంటి, కొత్తదైతే ఏంటి" అంటారు కుర్రాళ్ళు. నేను ఒప్పుకోను. అలాగని పాతదంతా బంగారమనే పెద్దవాళ్ళ మాటకీ పూర్తిగా తలూపలేను.

1950లో వచ్చినప్పుడు 870యే చవక తుపాకీ. అప్పటికి పంప్ షాట్‌గన్లలో, అంటే గొట్టం కింది పట్టుని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించేవాటిలో, రాజు వించెస్టర్ మోడల్ 12. దాని భాగాలను ఉక్కు నుంచి చెక్కి, ఒక్కొక్కటీ చేత్తో కుదిర్చేవాళ్ళు. రెమింగ్టన్ వాళ్ళు రిసీవర్‌ను (లోపలి యంత్రం ఇమిడే లోహపు పెట్టె) మాత్రం ఉక్కు దిమ్మె నుంచి చెక్కి, లోపలి భాగాల్లో చాలావాటిని రేకు మీద అచ్చు గుద్ది చేశారు. ఆ పోటీ ధరకి మోడల్ 12 తట్టుకోలేకపోయింది. 1964లో దాని మామూలు ఉత్పత్తి ఆగిపోయింది. కాబట్టి ఖర్చు తగ్గించడమే పాపమని నేననను. ఎక్కడ తగ్గించారన్నదే నా పట్టింపు.

870లో మేలురకమైన వింగ్‌మాస్టర్‌లో చేతికి తగిలేచోట తగ్గించలేదు. వాల్‌నట్ కర్ర, అద్దంలా సానబెట్టి నీలమెక్కించిన ఉక్కు. పంప్ పట్టుని లోపలి యంత్రానికి కలిపే కడ్డీలు (యాక్షన్ బార్లు) రెండు పక్కలా ఉండడంతో పంప్ పక్కకి మెలితిరగదు. ఏళ్ళ తరబడి వాడిన పాతదాన్ని ఒక్కసారి లాగి చూడండి, వెన్నలా జారుతుంది.

1987లో 870లోనే చవకరకమైన ఎక్స్‌ప్రెస్ వచ్చింది. లోపలి యంత్రం అదే. కానీ సానబెట్టే పని మానేసి గరుకు మ్యాట్ పూత వేశారు, వాల్‌నట్ బదులు మామూలు కర్ర పెట్టారు. ఆ గరుకు ఉక్కుని నూనె రాయకుండా తేమలో వదిలేస్తే తుప్పు తొందరగా పడుతుంది. తర్వాత ట్రిగ్గర్ గార్డ్ ప్లాస్టిక్ అయింది. ఖాళీ తూటాని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్‌ని ఉక్కు నుంచి చెక్కడం మాని, లోహపు పొడిని అచ్చుపోసి చేశారు. ఖాళీ తూటాని బయటికి లాగే ఆ చిన్న కొక్కెం మీద పొదుపు చేయడం నాకు అస్సలు మింగుడుపడదు.

కొత్తవాటిలో మేలు కూడా ఉంది, దాన్ని దాచను. పాత 870లో ఒక్కోసారి తూటా బోల్ట్ (తూటా వెనక గొట్టాన్ని మూసే దిమ్మె) కింద ఇరుక్కుని పంప్ కదలదు. 1980ల్లో వచ్చిన ఫ్లెక్సీట్యాబ్ అనే మార్పు ఆ బాధ తీర్చింది. 1986లో మార్చుకోదగిన రెమ్ చోక్ వచ్చింది; బ్యారెల్ (గొట్టం) మూతిలో బిగించే ఈ చోక్, గుళ్ళు ఎంత విచ్చుకోవాలో నిర్ణయిస్తుంది. ఇది చిన్న విషయం కాదు. నీటిపక్షుల వేటలో సీసం గుళ్ళని 1991కల్లా అమెరికా అంతటా నిషేధించారు. వాటి బదులు వాడే స్టీల్ గుళ్ళు, మూతి బాగా బిగుతుగా ఉండే పాత ఫుల్ చోక్ బ్యారెల్‌కి మంచివి కావు.

870 డిజైన్ గొప్పతనం ఇక్కడే కనిపిస్తుంది. బోల్ట్ తాళం బ్యారెల్ వెనక భాగంలోనే పడుతుంది కాబట్టి బ్యారెల్ మార్చడానికి చేత్తో కుదర్చాల్సిన పని లేదు. నా 1970ల నాటి వింగ్‌మాస్టర్‌కి రెమ్ చోక్ బ్యారెల్ బిగించాను. రిసీవర్ మాత్రం రెండుముప్పావు అంగుళాల తూటాలకి చేసినది, అందుకే అంతకు మించినవి దాంట్లో వేయను. ఈ సీజన్ అంతా దాంతోనే కొడుతున్నాను.