పుల్లల కట్ట విప్పకుండానే తీసివేతలా?

రెండో తరగతి నోటుపుస్తకాలు తిరగేస్తే ఒకే రకమైన తప్పు పదే పదే కనిపిస్తుంది. 42 లోంచి 17 తీసివేయమంటే చాలామంది పిల్లలు 35 అని వేస్తారు. ఒకట్ల స్థానంలో రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసి ఐదు వేస్తారు. పదుల స్థానంలో నాలుగులోంచి ఒకటి తీసి మూడు వేస్తారు. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, ‘పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకోవాలి కదా’ అని మందలించడం మన బడుల్లో మామూలే. పక్కింటి నుంచి ఒకటి వస్తే రెండు మూడవ్వాలి గాని పన్నెండెలా అవుతుందని ఏ పిల్లా అడగదు. అడిగే అలవాటును మనం ఎల్‌కేజీలోనే మాన్పించేశాం.

అదే పిల్ల చేత పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేయించి, నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి, అందులోంచి పదిహేడు ఇమ్మని అడిగి చూడండి. రెండు పుల్లలతో పని జరగదని తెలిశాక కాసేపు తటపటాయించి, తనంతట తానే ఒక కట్ట విప్పుతుంది. పన్నెండు విడి పుల్లల్లోంచి ఏడు, మిగిలిన మూడు కట్టల్లోంచి ఒకటి ఇచ్చేశాక తన దగ్గర రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగిలాయని చూసుకుంటుంది. స్థాన విలువ అని పుస్తకాలు చెప్పేదంతా ఆ కట్ట విప్పడంలోనే ఉంది. ఈ పని పది పదిహేనుసార్లు చేతులతో చేసిన పిల్ల ఆ తర్వాత కాగితం మీద 35 వేసినా తనే అనుమానపడి వెనక్కి చూసుకుంటుంది. సరైన జవాబు రావడం కంటే ఆ అనుమానం రావడమే ముఖ్యమని నేను నమ్ముతాను.

హైదరాబాద్‌లో జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు. పెన్సిల్ పట్టు కుదరని మూడున్నరేళ్ల పిల్లల చేత ఒకటి నుంచి వంద దాకా, మళ్లీ వంద నుంచి ఒకటి దాకా రాయిస్తున్నారు. సంఖ్యల ఇంగ్లిష్ స్పెల్లింగులు రాయించి దాన్ని గణితం హోంవర్క్ అంటున్నారు. రెండో తరగతికి ఒలింపియాడ్ పుస్తకం, సాయంత్రానికి అబాకస్ క్లాసు సిద్ధంగా ఉంటాయి. వేళ్ల మీద లెక్కపెడితే కోప్పడతారన్న భయంతో చేతులు బల్ల కిందకు దించి గుట్టుగా లెక్కపెట్టుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వేళ్లు, వేలి కణుపులు, చింతగింజలు పసివాళ్లకు సంఖ్యను పరిచయం చేసే తొలి సాధనాలు. వాటిని సిగ్గుపడాల్సిన విషయంగా మార్చడం చిన్న తప్పేమీ కాదు.

చిన్న తరగతుల్లోనే ప్రతి పిల్లకూ చదవడం, రాయడం, లెక్కలు చేయడం రావాలని 2020 జాతీయ విద్యా విధానం, 2021లో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్, మన తెలంగాణలో 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం చెప్పాయి. అయినా పల్లె పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు 33.7 శాతమే. 2022లో ఇది 25.9 శాతం కాబట్టి మెరుగుదల లేదనలేం. కానీ ఆ సర్వే పల్లెలకే పరిమితం. కార్పొరేట్ బడుల నోటుపుస్తకాల వెనుక ఏముందో దానివల్ల తెలియదు.

బడిలో నేర్చిన లెక్క బయట ఎంత పనికొస్తుందో తెలుసుకోవాలంటే నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు కలకత్తా, ఢిల్లీ మార్కెట్లలో జరిపిన అధ్యయనం చూడాలి. 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. మార్కెట్లో రెండు మూడు సరుకుల ధర కట్టి, చిల్లర ఎంతివ్వాలో నోటితోనే చెప్పే పిల్లలు, బడి పద్ధతిలో రాసిచ్చిన తీసివేతలు, భాగహారాల దగ్గర తడబడ్డారు. బడి పిల్లలు కాగితం మీది లెక్కల్లో వారికంటే ముందున్నా, కొనుగోలు లెక్క నోటితో చెప్పమనేసరికి వెనకబడిపోయారు. ఈ రెండో సగమే మనకు చెంపపెట్టు. బడికి పంపి, ఫీజు కట్టి, మనం కొంటున్నది బడి గోడ దాటి బయట పనికిరాని లెక్క.

ఎక్కాలు కంఠతా రాకపోతే పై తరగతుల్లో పిల్లలు నలిగిపోతారని, పోటీ ప్రపంచంలో ఆటలతో కాలక్షేపం కుదరదని తల్లిదండ్రులు అంటారు. ఎక్కాలు రావాల్సిందే, కాదనను. మూడేసి గింజలు నాలుగు వరుసలు పేర్చి, పక్కవైపు నుంచి చూస్తే నాలుగేసి మూడు వరుసలని గమనించిన పిల్లకు ఎక్కం త్వరగా వస్తుంది, మరిచిపోయినా తిరిగి కట్టుకోగలదు.

ఇదంతా చేయించాల్సింది ఎవరు? అసలు సమస్య ఇక్కడే ఉంది. మన పాఠశాలల్లో అనుభవం, పేరు ఉన్న లెక్కల మాస్టారు పదో తరగతికే వెళ్తారు. ఒకటో తరగతి అందరికంటే తక్కువ జీతానికి, చాలాసార్లు ఏ శిక్షణా లేకుండా వచ్చిన వారి చేతిలో పడుతుంది. చిన్నపిల్లలకు ఎవరైనా చెప్పగలరన్న ఈ చిన్నచూపు మన సమాజంలో పాతుకుపోయింది. ప్రాథమిక ఉపాధ్యాయ పోస్టులకు బీఈడీ అర్హత చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చినప్పుడు నిరుద్యోగుల ఆందోళన గురించి ఎంతో చర్చ జరిగింది గాని, ఆ తీర్పులోని అసలు మాట గురించి జరగలేదు. పసిపిల్లలకు బోధించడం వేరే నైపుణ్యమని, దానికి వేరే శిక్షణ కావాలని దేశ అత్యున్నత న్యాయస్థానం అంగీకరించింది. ప్రభుత్వం ఆ స్ఫూర్తితో ప్రతి ప్రాథమిక పాఠశాలకూ తరగతికొక ఉపాధ్యాయుణ్ని ఇవ్వాలి. ఒకరిద్దరు ఐదు తరగతులు లాగే బడిలో కట్టలు కట్టించే తీరిక ఎవరికీ ఉండదు. ప్రైవేటు యాజమాన్యాలు ఒకటో తరగతి టీచరుకు పదో తరగతి టీచరుతో సమానమైన జీతమివ్వాలి. అడ్మిషన్ల సీజన్‌లో గేటు ముందు బారులు తీరే తల్లిదండ్రులు ర్యాంకుల ఫ్లెక్సీల గురించి మానేసి, మా పాపకు లెక్కలు చెప్పేదెవరు, ఆమె చదివింది ఏమిటి, ఎన్నేళ్లుగా చిన్న తరగతులకే చెబుతున్నారు అని అడగడం మొదలుపెట్టాలి.