మహారాజశ్రీ మెట్రో వయాడక్ట్ గారికి

మూడు మార్గాల్లో, దాదాపు 69 కిలోమీటర్ల మేర, ఒక్క చోట కూడా భూగర్భంలోకి దిగే శ్రమ తీసుకోకుండా హైదరాబాదు నెత్తిన మెట్రో రైళ్లను మోసే వంతెనగా కొలువుదీరిన మహారాజశ్రీ మెట్రో వయాడక్ట్ గారికి, కింద రోడ్డు మీద బండి నడుపుకొనే ఒక పౌరుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీయే గానీ, నిన్న సాయంత్రం నుంచి నాకు తుమ్ములు ఆగడం లేదు కనుక ఆ మాటను వాయిదా వేస్తున్నాను.

వాన వెలిసి అరగంట అయింది, రెయిన్‌కోటు మడిచి డిక్కీలో పెట్టాను. ఎర్రదీపం దగ్గర ఆగానో లేదో, పిల్లరుకూ పిల్లరుకూ మధ్య పరిచిన మీ వంతెన ముక్కలు, అదే మీ రెండు స్పాన్ల నడుమ సందులోంచి నల్లటి నీరు సరిగ్గా నా మెడ వెనక చొక్కాలోకి దిగింది. పక్కకు జరుగుదామంటే పిల్లర్ పైపు మూతి ఊడిపోయి అటు నుంచి మరో ధార. ఆకాశం జాలిపడి ఆపేసిన వానను తమరు దాచిపెట్టుకొని వాయిదాల పద్ధతిలో మాకు చెల్లించడం ఏ పద్దు కింద వస్తుందో తెలుసుకోగోరుతున్నాను.

తెలివి చాలక ఇలా జరిగిందని నేను ఎంతమాత్రం అనుకోను. ఇరుకు రోడ్లలో పరంజాలు కట్టి నగరాన్ని ఆపలేరు గనుక మిమ్మల్ని యార్డుల్లో ముక్కలుగా పోతపోసి, ట్రైలర్ల మీద తెచ్చి, భారీ ఎత్తుడు యంత్రమైన లాంచింగ్ గర్డర్‌తో పైకెత్తి, ఎపాక్సీ జిగురుతో అతికించి, ఉక్కు కేబుళ్లు లాగి బిగించారు. వంపుల్లో రైలు బరువుకు మెలి తిరగకుండా ఒంటికి పెట్టె ఆకారం ఇచ్చారు. 30 మీటర్ల కాంక్రీటు స్పాన్ 30 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు ఒక సెంటీమీటరు సాగుతుందని లెక్కగట్టి, ఆ కాస్త ఒళ్లు విరుచుకోవడానికి అడుగున బేరింగులు, కొసన సందు అమర్చారు. ఆ సందులోంచి నీరు పడుతుందని వారికి తట్టలేదా అంటే, భేషుగ్గా తట్టింది. డ్రాయింగులో నీటిని ఆపే పట్టీ ఉంటుంది, పైతలమైన డెక్కుకు వాలు ఉంటుంది, పిల్లర్ వెంట దిగే పైపు ఉంటుంది. పైపు నేలకు చేరిన తరువాత నీరు ఎటు పోవాలన్న దగ్గర మాత్రం డ్రాయింగు అయిపోతుంది. అక్కడి నుంచి రోడ్డు ఒకరిది, కాలువ ఇంకొకరిది, తడిసిన చొక్కా నాది. ఫోను చేస్తే ఒక కార్యాలయం వారు కాలువ వారిని అడగమన్నారు, కాలువ వారు వంతెన వారిని అడగమన్నారు. పైన పల్లకీ మోత, కింద ఈగల మోత.

మీ మెట్లు ఫుట్‌పాత్‌ను మింగిన సంగతి, యూటర్న్ కోసం పక్క పేట దాకా వెళ్లి రావలసిన సంగతి ఇప్పుడు ఎత్తను. పిల్లర్ నంబరు చెబితే చాలు, డెలివరీ కుర్రాడు దారి అడగకుండా వచ్చేస్తాడు. ఆ మేలు మరువలేను. 2017 నవంబరులో మీ మీద రైళ్లు మొదలైనప్పుడు చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను.

అయితే వానొస్తే మీ కిందికి పరుగెత్తడం ఈ ఊరి జనానికి అలవాటు. 2019 సెప్టెంబరులో అలాగే అమీర్‌పేట స్టేషన్ కింద నిలబడిన ఒక యువతి మీద పైనుంచి కాంక్రీటు పెచ్చు ఊడిపడింది, ఆమె ప్రాణం పోయింది. ఇక్కడ నాకు నిన్ను గారు అనబుద్ధి కావడం లేదు. నీ పట్టీలు, నీ పైపులు, నీ పెచ్చులు ఎవరు ఎక్కి చూస్తున్నారు? చివరిసారి ఎప్పుడు చూశారు? ఆ తేదీని పిల్లర్ నంబరు పక్కన రాసిపెట్టడానికి ఏం రోగం? సినిమా పోస్టర్లకు, ప్రకటన బోర్డులకు ఉన్న చోటు ఆ ఒక్క తేదీకి లేదా?

మళ్లీ మర్యాదలోకి వస్తున్నాను. రెండో దశ ప్రతిపాదనలతో తమరి వంశం మరికొన్ని పేటలకు విస్తరించబోతున్నదని వింటున్నాము, సంతోషమే. ఆ కాగితాలు ఇంకా బల్ల మీద ఉండగానే నీటి పైపు గీతను పిల్లర్ అడుగున ఆపకుండా వాననీటి కాలువ దాకా గీయించవలసిందిగాను, ఆ కాలువ ఎవరిదో, పైపు మూతి ఊడితే ఏ నంబరుకు ఫోను చేయాలో అదే కాగితం మీద రాసి సంతకాలు పెట్టించవలసిందిగాను ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తమరి నీడన నిత్యం ప్రయాణించే
ఒక ద్విచక్ర వాహనదారుడు