పేపర్ల లెక్కతో ప్రొఫెసర్లు: దొంగ జర్నళ్లకు గిరాకీ పుట్టేది అక్కడే

హైదరాబాద్ కేంద్రంగా పరిశోధన పత్రాలు అచ్చేసే వందల జర్నళ్లు నడిపిన ఓమిక్స్ గ్రూప్ మీద అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5.01 కోట్ల డాలర్లు, అంటే అప్పటి లెక్కలో దాదాపు 350 కోట్ల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. 2020లో అప్పీలు కోర్టూ ఆ తీర్పును నిలబెట్టింది. నిపుణుల సమీక్ష సరిగా లేకుండానే పేపర్లు అచ్చేయడం, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లను సంపాదకవర్గంలో చూపించడం, ఫీజు సంగతి ముందు దాచి తర్వాత బిల్లు పంపడం, రచయిత వెనక్కి తీసుకుంటానన్నా వదలకపోవడం: అభియోగాలు ఇవి. ఇదంతా పత్రికల్లో వచ్చినదే, పాఠకులకు తెలిసినదే.

మన నగరం పేరు ఇలా ప్రపంచానికెక్కడం నాకు బాధ కలిగించింది. అంతకన్నా బాధ కలిగించింది తర్వాత జరిగిన చర్చ. అమ్మినవాళ్లను అందరూ తిట్టారు. ఫీజు కట్టి ప్రచురణ కొన్నవాళ్లు ఎందుకు కొన్నారని అడిగినవాళ్లు తక్కువ.

జవాబు వైద్య కళాశాలల నియామక నిబంధనల్లో ఉంది. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే రెండు పరిశోధన పత్రాలు, ప్రొఫెసర్ కావాలంటే నాలుగు. పాత మెడికల్ కౌన్సిల్ తెచ్చిన ఈ లెక్కను జాతీయ వైద్య కమిషన్ 2022 నిబంధనల్లోనూ కొనసాగించింది. ఉదయం ఓపీలో వందల మందిని చూసి, మధ్యాహ్నం ఆపరేషన్ థియేటర్‌లో నిలబడి, సాయంత్రం పీజీలకు పాఠం చెప్పే డాక్టర్‌కు పరిశోధనకు సమయం ఇవ్వరు, నిధులు ఇవ్వరు, గణాంక నిపుణుడిని ఇవ్వరు. పేపరు మాత్రం చూపించమంటారు. చూపించకపోతే జూనియర్ ముందుకు వెళ్లిపోతాడు. సరిగ్గా అప్పుడే మెయిల్‌లో ఒక ఆహ్వానం వస్తుంది: వారంలో ప్రచురిస్తాం, ఫీజు ఇంత. ఈ ప్రలోభానికి లొంగినవాళ్లందరూ అవినీతిపరులని నేను అనను. వాళ్లను ఆ గడప దాకా తోసింది ప్రభుత్వ నిబంధనే అంటాను.

ఈ నిబంధన పరిశోధనను పెంచుతుందని సమర్థించేవాళ్లు ఉన్నారు. అది లేకపోతే అధ్యాపకులు కొత్త విషయాలు చదవడమే మానేస్తారని వాళ్ల భయం. భయం నిజాయితీగలదే. ఫలితం మాత్రం కళ్లెదుట ఉంది. 2005 నుంచి 2014 వరకు దేశంలోని 579 వైద్య విద్యాసంస్థల పరిశోధనను లెక్కగట్టిన ఒక అధ్యయనంలో 332 సంస్థల నుంచి ఒక్క పేపరు కూడా కనిపించలేదు. ఏడాదికి వందకు మించి పేపర్లు తెచ్చినవి 25 మాత్రమే. ఆసక్తి, వసతి ఉన్నచోట నిబంధన లేకపోయినా పరిశోధన జరుగుతుంది. లేనిచోట నిబంధన వల్ల పుట్టేది కాగితం.

ఆ కాగితం వెనుక మనుషులు ఉంటారు. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. 2017లో నేచర్ పత్రికలో రాసిన కొందరు పరిశోధకులు దొంగ జర్నళ్లుగా అనుమానించిన రెండు వందలకు పైగా జర్నళ్ల నుంచి దాదాపు 1,900 వైద్య పత్రాలను తీసి పరిశీలించారు. ప్రధాన బాధ్యత వహించిన రచయితల్లో 27 శాతం మంది భారతీయులే. మరే దేశం వాటా అంత లేదు. ఆ పత్రాల్లో 20 లక్షలకు పైగా మనుషుల, 8,000కు పైగా జంతువుల సమాచారం ఉంది. నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి తీసుకున్నామని చెప్పినవి 40 శాతమే.

అంత మంది మనుషులు! ప్రభుత్వాస్పత్రి మంచం మీద పడుకున్న ఒక కూలీ అంగీకార పత్రం మీద వేలిముద్ర వేస్తాడు. తన రక్తం, తన ఎక్స్‌రే, తన కేస్ షీట్ మరొకరికి పనికొస్తాయని డాక్టర్ చెప్పిన మాటను నమ్మి వేస్తాడు. ఆ సమాచారం ఎవరూ చదవని, ఎవరూ సరిచూడని, రేపు వెబ్‌సైట్ మూతపడితే ఆనవాలు కూడా మిగలని చోట పడితే ఆ మనిషిని మోసం చేసినట్టే. ఒకవేళ ఎవరైనా చదివి, తప్పుడు అంకెలను ఒక సమీక్షా వ్యాసంలోకి, అక్కడి నుంచి చికిత్స సూచనల్లోకి తీసుకెళ్తే మరో రోగి నష్టపోతాడు. డబ్బు పోగొట్టుకున్న రచయితకు అమెరికా కోర్టులో దావా దొరికింది. ఈ రోగికి ఏ కోర్టూ లేదు.

పెద్ద జర్నళ్లలో వేస్తే చాలు, సమస్య తీరుతుందనే మాటా నేను ఒప్పుకోను. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకు ఆటిజంతో ముడిపెట్టిన డాక్టర్ వేక్‌ఫీల్డ్ పత్రాన్ని పేరున్న బ్రిటిష్ వైద్య పత్రిక లాన్సెట్ 1998లో వేసి, పూర్తిగా ఉపసంహరించుకోవడానికి 2010 దాకా ఆగింది. కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ హాని చేస్తుందంటూ సర్జిస్పియర్ అనే కంపెనీ సమాచారంతో వచ్చిన పత్రాన్ని అదే లాన్సెట్ 2020 మే 22న ప్రచురించింది. మూడు రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రయోగంలో ఆ మందు విభాగాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. మూల సమాచారం చూపించలేక రచయితలు జూన్ 4న పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. లాన్సెట్‌ను ప్రచురించే ఆమ్‌స్టర్‌డామ్ సంస్థ ఎల్సెవియర్ ఆస్ట్రేలియా శాఖ 2000 నుంచి 2005 మధ్య మందుల కంపెనీల డబ్బుతో, ఆ సంగతి సరిగా చెప్పకుండా, ఆరు పత్రికలను జర్నళ్ల వేషంలో తెచ్చింది. 2009లో కంపెనీయే ఒప్పుకుంది. హైదరాబాద్ చిరునామా ఉంటేనే దొంగ, ఆమ్‌స్టర్‌డామ్ చిరునామా ఉంటే పొరపాటు అనే తూకం నాకు అంగీకారం కాదు. రెండుచోట్లా రోగి కన్నా రాబడి ముందుకొచ్చింది.

నాలుగు పేపర్ల లెక్క వల్ల మనం పోగొట్టుకుంటున్నది ఇంకా పెద్దది. మన జబ్బులను మనం చదవడం మానేస్తున్నాం. 1937లో మద్రాసు గిండీలోని వైద్య పరిశోధన సంస్థ కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా పల్లెల్లో బిగుసుకుపోయిన కీళ్లనూ వంగని వెన్నులనూ తాగే నీటిలోని ఫ్లోరైడ్‌తో ముడిపెట్టి రాశారు. ఈ దేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర అక్కడ మొదలైంది. ఆ రచనలు మన దేశపు వైద్య పత్రికల్లోనే వచ్చాయి. 1960లో ఇప్పటి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (అప్పటి పేరు న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్) నుంచి గోపాలన్, శ్రీకాంతియా జొన్న తిండి మీదే బతికే పేదల్లో వచ్చే పెలాగ్రా అనే విటమిన్ లోపపు జబ్బును ఆ గింజలోని లూసిన్ అనే అమైనో ఆమ్లంతో కలిపి చూశారు. ఆ వివరణ మీద తర్వాత వాదాలు నడిచాయి, నడవనివ్వండి. ప్రశ్న మన పళ్లెంలోంచి వచ్చింది, అదే ముఖ్యం.

ఇప్పుడు ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో ఇంటికొక కిడ్నీ రోగి ఉన్నాడని దశాబ్దాలుగా వింటున్నాం. కారణం ఇదీ అని ఈనాటికీ తేల్చలేకపోయాం. తేలాలంటే అవే కుటుంబాలను ఏళ్ల తరబడి గమనిస్తూ ఉండాలి. నీళ్లు, మట్టి, పొలం పని, ఎండ, మందుబిళ్లలు అన్నీ రాసుకోవాలి. పదేళ్ల తర్వాత ఒక్క మంచి పత్రం వస్తుంది, అందులో ఇరవై పేర్లు ఉంటాయి. మొదటి మూడు పేర్లకూ బాధ్యత వహించిన రచయితకూ మాత్రమే లెక్క కట్టే నిబంధన కింద మిగతా వాళ్లకు దక్కేది సున్నా. శ్రీకాకుళం కళాశాలలోని యువ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఆ పనిలో ఎందుకు దిగుతాడు? పాత కేస్ షీట్లు యాభై తిరగేసి, విభాగాధిపతి పేరు కూడా చేర్చి, ఫీజు కట్టి రెండు పేపర్లు వేయించుకుంటాడు. అతన్ని నిందించే హక్కు ఆ నిబంధన రాసినవాళ్లకు లేదు.

కాబట్టి జాతీయ వైద్య కమిషన్ ఈ సంఖ్యను తీసేయాలి. సడలించడం, జర్నళ్ల జాబితా మార్చడం సరిపోదు. జాబితాల సంగతి విశ్వవిద్యాలయాలను చూసే యూజీసీ చూపించింది: తాను ఆమోదించిన జర్నళ్ల జాబితా నుంచి 2018లో ఒక్కసారే 4,305 జర్నళ్లను తొలగించింది, తర్వాత కేర్ పేరుతో కొత్త జాబితా పెట్టింది, 2025లో దాన్నీ ఎత్తేసింది. అధ్యాపకుడిని బోధనతో, రోగి సేవతో తూచండి. పరిశోధన కోరుకున్నవాళ్లకు వారంలో రెండు రోజులు ఓపీ నుంచి విడుదల, చిన్న గ్రాంటు, గణాంక నిపుణుడి సాయం ఇవ్వండి. రచయితల నుంచి ఫీజు తీసుకోకుండా నడిచే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ ఎథిక్స్ లాంటి పత్రికలకు ప్రజాధనంతో అండగా నిలవండి. విదేశీ ప్రచురణకర్తల చందాల కోసం మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించిన కేంద్రానికి ఇది భారం కాదు.

ఇంకొక పని కళాశాలలే రేపటి నుంచి చేయవచ్చు. పరిశోధన మొదట్లో అనుమతి ఇచ్చే నైతిక సంఘం, చివర్లో కూడా అడగాలి: ఫలితం ఎక్కడ అచ్చయింది, సమీక్ష జరిగిందా, ఎంత ఫీజు కట్టారు, ఎవరు కట్టారు? ఫలితాలను బయటపెట్టడం పరిశోధకుడి విధి అని వైద్య పరిశోధన నీతికి ప్రపంచ వైద్య సంఘం రాసిన హెల్సింకీ ప్రకటన ఎప్పుడో చెప్పింది. ఆ సమాధానాలు ఆస్పత్రి వెబ్‌సైట్‌లో తెలుగులో ఉండాలి, వేలిముద్ర వేసిన రోగి కొడుకో కూతురో తెరిచి చదువుకోగలిగేలా.