చిప్పు నింపిన అలవాటు

అనుమతి లేకుండా సినిమాలను ఉచితంగా చూపించిన ఐబొమ్మ వెబ్‌సైట్ నిర్వాహకుడన్న అభియోగంపై 2025 నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసినప్పుడు, సినీ పరిశ్రమ పెద్దలు పోలీసులకు కృతజ్ఞతలు చెబుతుంటే, సామాజిక మాధ్యమాల్లో ఎందరో యువకులు నిందితుడి పక్షాన నిలిచారు. పేదవాడికి సినిమా చూపించిన మనిషిని దొంగ అంటారా అని వాదించారు. ఆ పోస్టులు చదివి ఈ తరం నీతి తప్పిందని తీర్మానించడం తేలిక. మేము ఆ తీర్మానంతో ఏకీభవించం. పైరసీ తప్పని వారికి తెలియక కాదు. తెలిసినా అది తప్పుగా తోచకపోవడం వెనుక ఏళ్ల తరబడి అలవాటు ఉంది, ఆ అలవాటు చేసినవారు పెద్దలే.

ఇంటింటికీ స్మార్ట్‌ఫోన్ రాకముందు మండల కేంద్రాల్లో బస్టాండు పక్కన ఒక సెల్ పాయింట్ ఉండేది. మెమరీ కార్డు, అదే చిప్పు, ఇస్తే దుకాణం కుర్రాడు దాన్ని కంప్యూటర్‌కు తగిలించి, హీరోల పేర్లతో వరుసగా ఉన్న ఫోల్డర్లు చూపించి, కొత్త పాటలు ఎక్కించాలా, పాతవా, అయ్యప్ప పాటలు కూడా కావాలా అని అడిగేవాడు. 30 రూపాయలో 40 రూపాయలో తీసుకుని చిప్పు నింపి ఇచ్చేవాడు. అప్పట్లో తండ్రి వేలు పట్టుకుని ఆ కౌంటరు ముందు నిలబడిన పిల్లవాడే నేడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఆ తండ్రి డబ్బు ఎగ్గొట్టలేదు, అడిగినంతా ఇచ్చాడు. అయితే అందులో పైసా కూడా పాట రాసినవారికి, పాడినవారికి చేరలేదు. పాట ఎక్కించే పనికి వెల ఉంటుందని, పాటకు ఉండదని పిల్లవాడు అక్కడ నేర్చుకున్నాడు. కళాశాలకు వెళ్లాక ఆ పాఠం మరింత గట్టిపడింది. కొన్ని ల్యాబుల్లో సాఫ్ట్‌వేర్ అప్పటికే క్రాక్ చేసి, అంటే కొనకుండానే పనిచేసేలా మార్చి ఉంటుంది. పుస్తకం మొత్తం జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకోమని సీనియర్లతో పాటు కొందరు అధ్యాపకులు కూడా సలహా ఇస్తారు. తెల్లవారేసరికి పత్రికల పేజీలు పీడీఎఫ్‌లుగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వాటిని పంపేవారిలో పిల్లలకు మంచీచెడూ చెప్పవలసిన పెద్దలూ ఉంటారు.

ధర సంగతి ఎంత చెప్పినా తక్కువే. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక అగ్ర హీరో సినిమా బెనిఫిట్ షోకు టికెట్‌ను 1,000 రూపాయల దాకా పెంచుకోనిచ్చింది. ఇంటి నుంచి నెలకు వచ్చే కొద్దిపాటి సొమ్ముతో హాస్టల్ మెస్ బిల్లు, ఫోన్ రీచార్జి సరిపెట్టుకునే విద్యార్థికి ఆ అంకె ఏం చెబుతుందో పరిశ్రమ ఆలోచించాలి. అయితే ధర ఒక్కటే కారణం కాదు. సలహా సంస్థ ఈవై, ఇంటర్నెట్ కంపెనీల సంఘం ఐఏఎంఏఐ 2024లో వెలువరించిన నివేదిక దేశంలో 2023 నాటి పైరసీ వ్యాపారాన్ని 22,400 కోట్ల రూపాయలుగా లెక్కగట్టింది. వినోదం చూసేవారిలో 51 శాతం మంది పైరసీ దారి తొక్కుతున్నారని చెబుతూ, చందాల భారంతో పాటు కోరిన సినిమా దొరకకపోవడాన్ని, ఒక్కో సినిమాకు ఒక్కో ఓటీటీ చందా కట్టవలసి రావడాన్ని కారణాలుగా చూపింది. పైరసీ చూసేవారిలో 64 శాతం మంది ప్రకటనలతోనైనా సరే ఉచితంగా ఇస్తే చట్టబద్ధ వేదికల వైపు మారతామన్నారు. దొంగసొత్తు మీద మోజుతో పైరసీకి వెళ్లేవారు చెప్పే మాట కాదది.

ఇంతమాత్రాన పైరసీ ముఠాలను వెనకేసుకు రావడం కుదరదు. ఐబొమ్మ సైట్ ద్వారా బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారని, దాదాపు 50 లక్షల మంది వినియోగదారుల సమాచారం నిందితుడి వద్ద ఉందని పోలీసులు చెప్పారు. ఉచితంగా సినిమా చూపించిన చేయి అదే కుర్రవాణ్ని పందేల వైపు నెడుతుంటే దానిని దానమనలేం. కోట్లు తీసుకునే హీరోకు పోయేదేముందన్న వాదనా తరచుగా వినిపిస్తోంది. కానీ 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ తెలుగు సినీ కార్మికులు 18 రోజులు పని మానేశారు. చివరకు మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం వరకు పెంపుకు ఒప్పుకున్నారు. రోజుకూలీ మీద బతికే లైట్‌మ్యాన్, కాస్ట్యూమ్ సహాయకుడు ప్రేక్షకుడి కంటికి కనబడరు. హీరోల పారితోషికాలను పతాక శీర్షికల్లో అచ్చువేసి వీరి కూలిని లోపలి పేజీకి నెట్టిన తప్పులో పత్రికలుగా మాకూ భాగముంది.

చట్టం చేయగలిగింది కొంతే. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం దొంగచాటు రికార్డింగుకు మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా విధించింది. తెర ముందు కెమెరా పెట్టేవాణ్ని, సైట్ నడిపేవాణ్ని పట్టుకోవడానికి అది అవసరం. కానీ శుక్రవారం రాత్రి హాస్టల్ గదిలో టెలిగ్రామ్ లింకు నొక్కే విద్యార్థి దాకా ఆ చట్టం రాదని అతనికి తెలుసు.

చిప్పులో పాటలు ఎక్కించే వ్యాపారం పడిపోయింది పోలీసు దాడులతో కాదు. డేటా చవకై, ప్రకటనల మధ్య పాటలు చట్టబద్ధంగానే ఫోన్‌లో వినిపించే ఏర్పాటు రావడంతో ఆ దుకాణాలు రీచార్జీలకు, స్క్రీన్ గార్డులకు పరిమితమయ్యాయి. అదే యువత, అదే జేబు, దారి మాత్రం మారింది. చదువు విషయంలోనూ అలాంటి ప్రయత్నం ఒకటి మొదలైంది. కేంద్రం 6,000 కోట్ల రూపాయలతో 2025 జనవరిలో ప్రారంభించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం సుమారు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులకు అందుబాటులోకి తెచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ విద్యార్థుల్లో అత్యధికులు చదివేది ప్రైవేటు కళాశాలల్లో, తొలి దశలో వాటికి ఈ పథకం వర్తించలేదు. ప్రాజెక్టు నివేదిక కోసం ఒక వ్యాసం కావలసిన విద్యార్థికి మిగిలేది దొంగ సైటే. ఈ పథకాన్ని ప్రైవేటు కళాశాలలకూ విస్తరించాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలు కేంద్రాన్ని కోరాలి. ఈలోగా లక్షల్లో ఫీజులు వసూలు చేస్తున్న యాజమాన్యాలు తమ గ్రంథాలయాలకు చందాలు కట్టి, ల్యాబుల్లో అసలైన సాఫ్ట్‌వేర్ పెట్టించాలి.